పాపిడిలో తెల్లగీత చూసి కత్తెర పట్టకండి

ప్రశ్న: అక్కయ్యగారికి నమస్కారం. నాకు 54 ఏళ్ళు. ఖమ్మం దగ్గర ఒక బడిలో టీచర్ని. ముప్పై ఆరో ఏట నుంచి తలకి రంగు వేస్తున్నాను. జడ నడుం దాటి ఉంటుంది. చిన్నప్పుడు మా అమ్మ ఆదివారం ఆదివారం కూర్చోబెట్టి నూనె పెట్టి పెంచిన జడ, కోయించుకోవాలంటే ప్రాణం ఒప్పడం లేదు. ఈ మధ్య రంగు వేసిన మర్నాటికి చెవుల వెనక, మెడ మీద ఒకటే దురద. పోయినసారి నుదుటి అంచున పొక్కులొచ్చి కనురెప్పలు కూడా వాచాయి. ఇక మానేద్దామనుకుంటున్నాను. పార్లర్ అమ్మాయి భుజాల దాకా కత్తిరించేసుకోమంటోంది. మా ఆడపడుచు తిరుపతి వెళ్ళి గుండు చేయించుకుంటే ఒక్కసారే వదిలిపోతుందంటోంది. మా అమ్మాయికి ఎనిమిది నెలల్లో పెళ్ళి. "అప్పటిదాకా ఆగమ్మా, ఫోటోల్లో అమ్మమ్మలా కనిపిస్తావు" అంది. ఆ మాట దగ్గర ఆగిపోయాను. రంగు మాని గోరింటాకు పెట్టుకుంటే నయమా? జడ పోకుండా తెల్లజుట్టుకి మారడం అసలు కుదిరే పనేనా?

సమాధానం:

చెల్లెమ్మా,

ఉత్తరమంతా జడ గురించి రాసి, కనురెప్పల వాపు సంగతి ఒక్క ముక్కలో దాటేశారు. నేను అక్కడి నుంచే మొదలుపెడతాను, ఏమీ అనుకోకండి.

నల్లరంగుల్లో చాలావాటిలో పారాఫినైలీన్‌డయమీన్ అనే రసాయనం ఉంటుంది. పొట్టిగా పీపీడీ అంటారు. పద్దెనిమిదేళ్ళు ఏమీ కాలేదు కదా, ఇప్పుడెందుకవుతుంది అనుకోవద్దు. ఏళ్ళ తరబడి వాడినవాళ్ళకి కూడా ఒకరోజు హఠాత్తుగా ఒళ్ళు తిరగబడుతుంది. అలా ఒకసారి మొదలయ్యాక, తర్వాత వేసిన ప్రతిసారీ ఇంకాస్త గట్టిగా చూపించవచ్చు. మీకు దురద నుంచి పొక్కులు, పొక్కుల నుంచి వాపు, వరసగా అలాగే వచ్చింది. కాబట్టి పెళ్ళి దాకా ఆగే ప్రశ్న లేదు. మొన్న వేసిందే ఆఖరుది అనుకోండి. "అమోనియా లేదు" అని పెట్టె మీద రాసి ఉంటే పీపీడీ లేదని అర్థం కాదు, అవి రెండూ వేరు. "నల్ల మెహందీ" అని అమ్మే పొడుల్లోనూ ఇదే కలిపి ఉండొచ్చు, ఎందుకంటే ఉత్త గోరింటాకు ఎన్నడూ నలుపు పండదు. వేరే కంపెనీది తెచ్చి చెవి వెనక కాస్త రాసి చూస్తాను అని కూడా అనకండి. ఏమీ లేనివాళ్ళు ముందుజాగ్రత్తగా 48 గంటలు అలా చూసుకోవాలి. మీలా వాపు వచ్చినవాళ్ళు ఇంట్లో ఆ పని చేయకూడదు, చర్మవైద్యులే వీపు మీద చిన్న పట్టీలు వేసి పరీక్ష చేస్తారు. ఇంకెప్పుడైనా ముఖం వాచినా, ఊపిరి ఆడనట్టున్నా, ఇంటి వైద్యాలతో పొద్దుపుచ్చకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి.

ఇక జడ మాట. పోనక్కర్లేదు. నేను పోగొట్టుకోలేదు.

నాకిప్పుడు 61. యాభై మూడో ఏట రంగు మానేశాను. అప్పుడు నా జడ మీ జడంతే ఉంది, ఇప్పటికీ అంతే ఉంది, కాకపోతే ముగ్గుబుట్టలా తెల్లగా. లెక్క చాలా చిన్నది. తలవెంట్రుక నెలకి సుమారు అర అంగుళం పెరుగుతుంది, ఏడాదికి ఆరంగుళాలు. మీ జడ ముప్పై అంగుళాలుందనుకుందాం. కుదురు దగ్గర మొదలైన తెలుపు కొస దాకా దిగడానికి అయిదేళ్ళు పడుతుంది. వినగానే గుండె జారుతుంది, నాకూ జారింది. కానీ ఆ అయిదేళ్ళూ ఒకేలా ఉండవు. కష్టమైనవి మొదటి ఆరు నెలలే. పాపిడిలో సన్నగా వెండితీగలా మొదలై, రెండు వేళ్ళ వెడల్పు అయ్యేసరికి, చూసినవాళ్ళంతా "ఏమ్మా, ఒంట్లో బాగాలేదా" అని అడుగుతారు. మూడంగుళాలు దాటాక ఎవరూ అడగరు. అప్పటికి అది మరిచిపోయిన రంగులా కనిపించదు, మీరు కావాలని ఉంచుకున్నట్టు తెలిసిపోతుంది.

ఆ అయిదేళ్ళూ జడ పొడుగు తగ్గకుండా చూసుకునే ఉపాయం ఒకటుంది. రెండు నెలలకోసారి కొసన ఒక అంగుళం కత్తిరించండి. పెరిగింది అంగుళం, పోయింది అంగుళం. పొడుగు ఉన్నచోటే ఉంటుంది, నలుపు మాత్రం మెల్లగా కిందికి దిగి కత్తెరలో పడిపోతుంది. రంగు పడీ పడీ ఎండిన కొసలు కూడా దాంతోనే పోతాయి కాబట్టి జడ చివర చీపురుపుల్లల్లా చీలదు. నేను పార్లర్‌కి వెళ్ళలేదు, మా ఇంటాయన చేతే కోయించుకున్నాను. జడ అల్లి, కొసన రబ్బరు బ్యాండు పెట్టి, దాని కింద అంగుళం కొలిచి కోయడమే.

గోరింటాకు గురించి అడిగారు. ఒక మాట ముందే తేల్చుకోండి: మీకు కావలసింది ఇంకో రంగా, రంగు లేకపోవడమా? తెల్లవెంట్రుక మీద గోరింటాకు నారింజ ఎరుపు పండుతుంది. దాని మీద నీలి ఆకు పొడి పెడితే నలుపు దగ్గరికి వస్తుంది. రెండూ ఆకులే, అసలైనవి దొరికితే చాలామందికి పడతాయి. కానీ గోరింటాకు కడిగితే పోయేది కాదు. వెంట్రుక లోపలి మాంసకృత్తుకి అంటుకుపోయి, ఆ వెంట్రుక ఉన్నంతకాలం ఉంటుంది. నేను మధ్యలో ఒక ఏడాది ధైర్యం చాలక గోరింటాకు పెట్టాను. దాని ఫలితం, నాలుగేళ్ళపాటు నా జడలో మూడు రంగులు: పైన తెలుపు, నడుమ ఇటుకరంగు, కింద పాత నలుపు. మూడు పాయలు అల్లితే ఒక్కో మెలికలో ఒక్కో రంగు తేలేది. చిన్నపిల్లలు వెనకాల నిలబడి వేలితో లెక్కపెట్టేవారు. మళ్ళీ మొదటికొచ్చి ఆ ఇటుకరంగు దిగేదాకా ఎదురుచూడాల్సి వచ్చింది. మీకు తెలుపే కావాలంటే గోరింటాకు జోలికి వెళ్ళకండి.

పార్లర్‌లో ఇంకో మాట కూడా చెబుతారు. ఉన్న నలుపుని బ్లీచ్‌తో తీసేసి, మొత్తం ఒక్కరోజులో బూడిదరంగు చేసేస్తాం అంటారు. పద్దెనిమిదేళ్ళుగా పొరమీద పొర పడిన నలుపు అంత సులువుగా ఊడదు. రాగిరంగుకో నారింజకో వచ్చి ఆగుతుంది, దాన్ని ఇంకా లాగితే వెంట్రుక పీచులా సాగి తెగుతుంది. పొట్టిజుట్టు ఉన్నవాళ్ళు ఏదో పడతారు. నడుం దాకా ఉన్న జడకి ఆ ప్రయోగం చేయించుకోవద్దని గట్టిగా చెబుతున్నాను.

తిరుపతి సంగతి. మొక్కు ఉంటే ఆనందంగా వెళ్ళి ఇవ్వండి. గుండే కానక్కర్లేదు, ఆడవాళ్ళు మూడు కత్తెరలు ఇచ్చినా మొక్కు తీరినట్టే. అయితే రంగు వదిలించుకోవడానికి దేవుడి దగ్గరికి వెళ్ళడం నాకు ఇష్టం లేదు, మీ ప్రాణం కూడా ఒప్పదని మీరే రాశారు. ఇక్కడొక మాట చెప్పాలనిపిస్తోంది. మనవాళ్ళు మొక్కుకిచ్చే జుట్టుని తలనీలాలు అంటారు. ఎనభై ఏళ్ళ ముసలమ్మ పాలనురుగు లాంటి జుట్టు ఇచ్చినా అవి తలనీలాలే. ఆ కల్యాణకట్ట దగ్గర ఎవరూ తెలుపా నలుపా అని చూడరు.

ఇప్పుడు పెళ్ళి. మీ అమ్మాయి మాట మీకు గుచ్చుకుంది, నాకూ గుచ్చుకుంది. కానీ ఎనిమిది నెలలంటే ఎంతో లెక్కేయండి. నాలుగంగుళాలు. నుదుటి అంచు నుంచి నడినెత్తి దాకా మీ చేత్తో కొలవండి, ఇంచుమించు అంతే ఉంటుంది. ఆ రోజుకి మీరు జడ వేయకండి. జుట్టంతా వెనక్కి దువ్వి, నడినెత్తికి కాస్త వెనగ్గా ఎత్తుగా కొప్పు చుట్టండి. ముందు భాగమంతా తెలుపు, ఆ తెలుపు సరిగ్గా ఎక్కడ ఆగుతుందో అక్కడ నల్లటి కొప్పు మొదలవుతుంది. ఎవరో ఆలోచించి చేసినట్టే ఉంటుంది. కొప్పున్నమ్మ ఎటు ముడిచినా అందమే అని ఊరికే అనలేదు. ఒకటి రెండుసార్లు ముందే ఇంట్లో ముడిచి చూసుకోండి, చెవుల పక్కన నలుపు ఎక్కడ తేలుతుందో తెలుస్తుంది.

పూలు మాత్రం మార్చాలి. ఇది నాకు ఆలస్యంగా తెలిసింది. నల్లజుట్టులో మల్లెదండ దీపంలా వెలుగుతుంది. తెల్లజుట్టులో అదే దండ కనిపించదు, వాసన వస్తే తప్ప పెట్టుకున్నట్టే తెలియదు. నా జడ తెల్లబడ్డ ఏడు శ్రావణ శుక్రవారం నాడు పొరుగావిడ కనకాంబరాల మాల ఇచ్చింది. అద్దంలో చూసుకుని అలాగే నిలబడిపోయాను. నల్లజుట్టులో ఎన్నిసార్లు పెట్టుకున్నానో, ఆ పూలకి అంత రంగుందని అప్పటిదాకా నాకు తెలియదు. వెండిగిన్నెలో కుంకుమ పోసినట్టుంది. నడుమ నడుమ మరువం గుచ్చితే ఆ ఆకుపచ్చ కూడా ఎత్తుకొస్తుంది. మీ కొప్పు చుట్టూ ఎత్తుగా కనకాంబరాలు చుట్టమనండి. చీర విషయంలో, గంధం రంగు, లేత బూడిద లాంటివి ముఖాన్ని వెలవెలబోయేలా చేస్తాయి. ముదురాకుపచ్చ, వంకాయరంగు, నెమలికంఠం, మంచి ఎరుపు కట్టండి. ఇన్నేళ్ళూ వయసుకి తగదేమోనని బీరువాలో దాచిన ముదురు రంగులన్నీ ఇప్పుడు మీకు పనికొస్తాయి.

అప్పటికీ ఆ ఒక్కరోజు తెలుపు కనిపించకూడదని అమ్మాయి పట్టుబడితే, కడిగితే పోయే అద్దకపు పొడులుంటాయి, పాపిడి మీద కుంచెతో అద్దుకునేవి. అవైనా మీ వైద్యులకి చూపించి, సరే అంటేనే. అమ్మాయి సంతోషం కోసం ఒక పూట అద్దుకుంటే నేనేమీ అనను.

మరో సంగతి. పెళ్ళి పనుల్లో తెల్లజుట్టుకి పెద్ద శత్రువు పసుపు. మంగళస్నానాల నాడు, పసుపు దంచేనాడు మీ చెయ్యి తలకి తగలకుండా చూసుకోండి. నల్లజుట్టు మీద పసుపు పడ్డా తెలియదు, తెల్లజుట్టు మీద రెండు స్నానాలైనా పోదు. పాపిట్లో కుంకుమ కూడా అంతే. పొడికుంకుమ తెల్ల కుదుళ్ళలోకి జారి గులాబీరంగు మరక చేస్తుంది. ముందు పాపిట్లో వేలికొసంత కొబ్బరినూనెగానీ వాజలీన్‌గానీ రాసి, దాని మీద చిన్న చుక్క పెడితే ఎక్కడిది అక్కడే ఉంటుంది.

దీన్నిబట్టి మీకు అర్థమయ్యే ఉంటుంది, తెల్లజుట్టుని తెల్ల చీరలా చూసుకోవాలి. ప్రతి మరకా కనిపిస్తుంది. మెలనిన్ ఉన్నన్నాళ్ళు అది వెంట్రుకకి రంగుతోపాటు ఎండ నుంచి కాస్త కాపు కూడా ఇస్తుంది. అది పోయాక వెంట్రుక ఎండకి త్వరగా పెళుసెక్కి పసుపు తిరుగుతుంది. దానికి తోడు మన వయసులో మాడు మీద ఊరే జిడ్డు తగ్గిపోతుంది, తేమ కొసదాకా చేరదు. అందుకే కొన్ని వెంట్రుకలు తీగల్లా బిరుసుగా లేచి నిలబడతాయి. ఇది మీ తప్పు కాదు, రోగమూ కాదు. నల్లజుట్టుకి చేసినవే చేస్తూ పోతే సరిపోదు, అంతే.

మీ ఊళ్ళో ఎండ గురించి నేను చెప్పాలా. మార్చి నుంచి జూన్ దాకా బడికి వెళ్ళొచ్చేటప్పుడు నెత్తిన కొంగు గానీ పలచటి నూలు స్కార్ఫ్ గానీ కప్పుకోండి. డాబా మీద ఎండలో జుట్టు ఆరబోసుకోవడం మానేయండి. నీడపట్టున, గాలికి ఆరనివ్వండి. తలస్నానం అయ్యాక సాంబ్రాణి పొగ పట్టడం నాకు ప్రాణం, అయినా మానుకున్నాను. పొగకి తెల్లవెంట్రుక పసుపెక్కుతుంది. ఇంట్లో సిగరెట్టు తాగేవాళ్ళుంటే ఆ పొగా అంతే. జుట్టు సాపు చేసే వేడి మిషన్లు అసలు వద్దు. ఇస్త్రీపెట్టె కాలిన తెల్లపంచె ఎలా ఉంటుందో, వెంట్రుక కూడా అలాగే గోధుమరంగుకి మాడుతుంది, అది మళ్ళీ తెల్లబడదు.

నీళ్ళ సంగతి ఎవరూ చెప్పరు, నిజానికి సగం నష్టం అక్కడే. మీ ఇంట్లో బోరునీళ్ళా? బకెట్టు అంచున తెల్లగా పెచ్చు కడుతోందా, సబ్బు నురగ రాక తరకలు తరకలుగా తేలుతోందా? అయితే ఆ సున్నం, ఉంటే ఇనుము కూడా, మీ జుట్టు మీద పేరుకుంటున్నాయి. నల్లజుట్టు అయితే జీవం లేనట్టు కనిపించి ఊరుకుంటుంది. తెల్లజుట్టు పాత కాగితం రంగుకి తిరుగుతుంది. మేముండే చోట ఎండాకాలం అంతా ట్యాంకరు నీళ్ళే, రెండో ఏటికి నా జుట్టు ముందువైపు మురికి పసుపయింది. తర్వాత ఒక్క మార్పు చేశాను: తలంతా మామూలు నీళ్ళతో కడిగినా, ఆఖరి రెండు చెంబులు తాగేనీళ్ళతో పోసుకోవడం. వానాకాలంలో పట్టిన వాననీళ్ళయితే మరీ మంచిది. నెలకోసారి, ఒక చెంబు నీళ్ళలో ఒక చెంచా వెనిగర్ కలిపి పోసి, నిమిషం ఆగి కడిగేస్తే సున్నం తరక వదులుతుంది. నిమ్మరసం పిండుకుని ఎండలో కూర్చోమని ఎవరైనా చెబితే వినకండి, పొడిబారి విరిగిపోతుంది.

తలంటుకి నేనింకా కుంకుడుకాయే వాడతాను. సబ్బులా అది సున్నం నీళ్ళతో కలిసి తరకలు కట్టదు. పది పన్నెండు కాయలు రాతితో కొట్టి, గింజ తీసి, వేడినీళ్ళలో నానేసి, నలిపి, పలచని గుడ్డలో వడగడతాను. పిప్పి రేణువులు తెల్లజుట్టులో ఇరుక్కుంటే మట్టి పడినట్టు కనిపిస్తాయి, అందుకే రెండుసార్లు వడగట్టాలి. అందులో ఒక గ్లాసు పలచటి గంజి కలిపితే జుట్టు బిరుసెక్కదు, చిక్కు సులువుగా వస్తుంది. అమ్మమ్మల నాటి పద్ధతే. కళ్ళు మండితే నోట్లో ఉప్పుకల్లు పెట్టుకోమనేవారు, మంట తగ్గేదో లేదో గానీ ఏడుపు మాత్రం ఆగేది. ఒక్కటి గుర్తుంచుకోండి, కుంకుడు రసం చిక్కగా వాడితే మన వయసు జుట్టు పీచయిపోతుంది. పలచగా, వారానికి ఒకసారి చాలు. చేసుకునే తీరిక లేకపోతే ఘాటు తక్కువ షాంపూ ఏదైనా పెట్టుకోండి, చెవుల కింద నుంచి కొసలకి కండిషనర్ రాయండి. ఏది వాడినా ఉసిరికాయ పొడి, శీకాయ ఇనుప మూకుడులో నానబెట్టే అలవాటు ఉంటే ఆపేయండి. ఆ ఇనుము, ఆ వగరు కలిసి నల్లరంగు పుట్టిస్తాయి. నల్లబడాలనుకునేవాళ్ళ కోసం పుట్టిన పద్ధతి అది, తెల్లజుట్టు మీద మసిమరకలా పడుతుంది.

నూనె. గుంటగలగరాకు, కరివేపాకు, మందారాకు కాచిన నూనెలన్నీ ఆకుపచ్చగానో గోధుమరంగుగానో ఉంటాయి, ఆ ఛాయ తెల్లజుట్టుకి పడుతుంది. ఇష్టమైతే కుదుళ్ళకి మాత్రం రాసి మర్నాడు కడిగేయండి. జడంతటికీ రంగులేని కొబ్బరినూనే మంచిది. అది వెంట్రుక లోపలికి ఇంకి, కడిగినప్పుడు మాంసకృత్తు పోకుండా కాపాడుతుందని 2003లోనే శాస్త్రజ్ఞులు పరీక్షించి చూపారు. తలంటుకి ముందురోజు రాత్రి రెండు చెంచాలు, కొసల నుంచి పైకి. ఆముదం పొడుగుజుట్టుకి వద్దు, జిగటకి చిక్కులు పడి విప్పలేం. రోజూ నూనె పెట్టి వారం దాకా ఉంచేస్తే దుమ్ము పట్టి అది కూడా పసుపే.

ఇన్ని చేసినా కాస్త పసుపు ఛాయ వస్తే ఊదారంగు షాంపూలు దొరుకుతున్నాయి. తెల్లబట్టలకి నీలిమందు పెట్టినట్టే ఇదీ, పసుపుకి ఎదురురంగు ఊదా, రెండూ కలిస్తే పసుపు కంటికి ఆనదు. మూడు వారాలకోసారి, రెండు మూడు నిమిషాలు ఉంచి కడిగేయండి. ఎక్కువసేపు ఉంచితే జుట్టు లావెండర్ పువ్వు రంగుకి తిరుగుతుంది. బట్టల నీలిమందు మాత్రం తలకి పెట్టకండి, కొందరు పెడుతున్నారు. మీకైతే ఈ షాంపూ కూడా ఇప్పుడే వద్దు, నుదుటి అంచున పొక్కులు పూర్తిగా మానాకే.

దువ్వడం గురించి ఒక్క మాట. తడిజుట్టుని పాత నూలుచీర ముక్కతో ఒత్తి ఆరనివ్వండి, తువ్వాలుతో రుద్దకండి. పళ్ళు దూరంగా ఉన్న చెక్క దువ్వెనతో కొస నుంచి మొదలుపెట్టి పైకి రండి. పై నుంచి లాగితే చిక్కంతా కిందికొచ్చి అక్కడ తెగుతుంది. తెలుపూ నలుపూ కలిసే చోట మరీ జాగ్రత్త. కింద ఎండిపోయిన రంగుజుట్టు, పైన కొత్తది, చిక్కంతా ఆ కింది భాగంలోనే పడుతుంది. మొదటి రెండేళ్ళు రాత్రి వదులుగా ఒక జడ అల్లుకుని పడుకోండి.

ఒకటి పీకితే పది వస్తాయంటారు. రావు. కానీ పీకకండి, కుదురు దెబ్బతింటుంది. తెల్లవెంట్రుకని నల్లబరుస్తామనే నూనెల మీద డబ్బు పెట్టకండి. బయటికొచ్చిన వెంట్రుకలో ప్రాణం లేదు, రంగు తయారుచేసే కణాలు ఉండేది కుదురులో. మీ అమ్మాయి తలలోనూ ఒకటీ అరా కనిపిస్తే మాత్రం ఊరుకోవద్దు. ఇరవై అయిదు లోపే వచ్చే బాలనెరుపుకి చాలావరకు ఇంటి పోలికే కారణమైనా, కొందరిలో బీ12 తగ్గడం, థైరాయిడ్, ఇనుము లోపం కూడా ఉంటాయి. ఒక్క రక్తపరీక్షతో తేలిపోతుంది.

ఇక మనుషులు. మీ బడి సంగతి మీరు రాయలేదు గానీ, దాని గురించీ భయం ఉండే ఉంటుంది. ఆ భయం ఉత్తదని నేననను. 2020లో కోవిడ్ రోజుల్లో రంగు మానేసిన కెనడా వార్తాప్రసారకురాలు లీసా లాఫ్లామ్‌ని 2022లో ఆమె ఛానెల్ ముప్పై అయిదేళ్ళ ఉద్యోగం తర్వాత సాగనంపింది. కారణం జుట్టు కాదని వాళ్ళన్నారు, జుట్టేనన్న అనుమానం మీద ఆ దేశమంతా చర్చ జరిగింది. ఆడవాళ్ళ తల నెరిస్తే తప్పు, మగవాళ్ళ తల నెరిస్తే హుందా అనే చూపు అన్ని దేశాల్లోనూ ఉంది. మీ పిల్లల ముందు, మీ తోటి ఉపాధ్యాయుల ముందు మీరు ఆ చూపుని ఎదుర్కోవాల్సి వస్తుంది. నాకు ఆ రోజుల్లో ధైర్యమిచ్చినవాళ్ళు కొందరున్నారు. నెరిసిన తలలో పూలు పెట్టుకుని వేదికలెక్కే సుధామూర్తి. 1955లో మన తెలుగు సినిమాలతోనే తెర మీదికి వచ్చిన వహీదా రెహమాన్, 2023లో దాదాసాహెబ్ ఫాల్కే పురస్కారం అందుకున్న రోజు ఆమె తల వెండిలా ఉంది. తెలుగులోనూ నటించిన సమీరా రెడ్డి నలభై దాటీ దాటగానే తన తెల్లజుట్టుని దాచనని అందరి ముందూ చెప్పింది.

అరిష్టం, శుభకార్యంలో తెల్లతలేంటి అని సన్నాయినొక్కులు నొక్కేవాళ్ళు పెళ్ళిలో ఉంటారు. వాళ్ళకి ఒక్కటే అడగండి. పెళ్ళికూతుర్ని చేసేటప్పుడు మొదట ఎవర్ని పిలుస్తారు? ఇంట్లో అందరికంటే పెద్ద ముత్తైదువని. తలపండిన చెయ్యి తగిలితే మంచిదని. నా పెళ్ళిలో నాకు మొదట నలుగు పెట్టింది మా నాన్న మేనత్త. వంగినప్పుడు ఆవిడ తెల్లజుట్టు నా చెంపకి తగిలింది, కొబ్బరినూనె వాసన. నా పెళ్ళిలో చాలా మరిచిపోయాను, అది మరిచిపోలేదు.

అమ్మాయి మీద కోపం పెట్టుకోకండి. దానికి తెలిసిన అమ్మ నల్లజడ అమ్మ. ఆ అమ్మ ఎక్కడికో వెళ్ళిపోతోందని బెంగ, అది అలా మాటగా బయటికొచ్చింది. మీ అమ్మ మీకు చేసినట్టే, వచ్చే ఆదివారం నుంచి మీ తలకి నూనె తనని పెట్టమనండి. వాదించకండి, పాపిడి తనే తీయాలి. వారం వారం ఆ తెలుపు తన వేళ్ళ కిందే పెరగనివ్వండి. నెలకో ఫోటో, ఒకే కిటికీ పక్కన, ఒకే వెలుగులో తీయమనండి. నాలుగో నెలకి తనే "అమ్మా, కొప్పు ఇలా ముడుద్దామా" అంటుందని నా నమ్మకం. అనకపోయినా మీరు మళ్ళీ రంగు వేయలేరు, కనురెప్పల సంగతి దానికి దాచకుండా చెప్పండి. మీ ఉత్తరం చూస్తే చెప్పలేదనిపించింది.

ఈ వారంలోనే చర్మవైద్యుల దగ్గరికి వెళ్ళండి. వాడిన రంగు ప్యాకెట్టు పారేయకుండా వెంట తీసుకెళ్ళండి, దాని మీద సన్నక్షరాల్లో ఉన్న పేర్లు చూస్తే వాళ్ళకి సగం తెలుస్తుంది. నుదుటి మీద పొక్కులు ఇప్పుడు తగ్గిపోయి ఉంటే, అవి ఉన్నప్పుడు తీసిన ఫోటో ఏదైనా ఉందేమో అమ్మాయి ఫోన్లో వెతికించండి. ఏమన్నారో నాకు రాయండి.

మీ అక్కయ్య